మన దారి, మన వంతు



ఆ మధ్య ఒక పెండ్లి నిమిత్తము విజయవాడ నుండి హైదరాబాదుకు సంఘపెద్ద గారి కారులో వెళ్ళాము. దారిలో చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, మూడు చోట్ల టోలు గేట్లున్నవి. 2021 నుండి ఫాస్టాగ్ తప్పనిసరి గనుక ఎవరమూ జేబులో చెయ్యి పెట్టలేదు. అయినను గేటు దాటి ఫోను మోగినప్పుడల్లా కారులో సణుగుడే. "కారు కొన్ననాడే లైఫ్ ట్యాక్సు కట్టాము గదా, మళ్ళీ ఇదేమిటి?" అన్నారు పెద్దాయన. మేమూ గొంతు కలిపాము.

లైఫ్ ట్యాక్సు రాష్ట్రానికి వెళ్తుంది, జాతీయ రహదారి టోలు వేరు. ఇవి గాక, మనము పోయించుకొనే ప్రతి లీటరు పెట్రోలు, డీజిలులో రోడ్ల కొరకు కేంద్రము వేసిన సెస్సు కూడ కలిసియున్నది. ఆ సంగతి తలంచి బంకు దగ్గర సణిగినవారిని మేము చూడలేదు. కనబడకుండ పోయే రూపాయి మనకు నొప్పి కలిగించదు.

1997లో జన్మభూమి ప్రారంభమైనప్పుడు మేము హైస్కూలు పిల్లలము. పనిలో కొంత వాటా ఊరివారే భరించవలెను. మా పేటకు రోడ్డు వేసినప్పుడు డబ్బు లేనివారు పలుగు, పార, తట్ట పట్టుకొని వచ్చారు. మా నాన్నగారు రెండు రోజుల కూలి వదలుకొని మట్టి మోశారు. పోసిన ప్రతి తట్టా అందరి కళ్ళ ఎదుటే పడింది గనుక సణుగుడు లేదు.

పోయిన వర్షాకాలములో మా మందిరపు సందు బురదలో ఒక అవ్వ జారిపడి మణికట్టు విరుగగొట్టుకొన్నది. ఇంటింటికి కొంత వేసుకొని గ్రావెలు తోలిద్దామని చీటీ వ్రాయించాము. సగము ఇండ్లవారు, "పన్ను కడుతున్నాము, మునిసిపాలిటీయే వేయాలి" అన్నారు. అదీ న్యాయమే. ఇస్త్రీ బండి పెట్టుకొన్న ఒక తల్లి మాత్రము యాభై రూపాయలు తెచ్చి, చీటీ చూచి, "అయ్యగారూ, ఇందులో మీ పేరు లేదేమండీ?" అని అడిగింది.

సేవకులము గదా, మమ్మును ఎవరడుగుతారులే అనుకొన్న మాట నిజము. ఆ రోజు మాకు తలెత్తబుద్ధి కాలేదు.

మా వంతు మొదట వేసి, వచ్చినది ఎంత, ట్రాక్టర్లు ఎన్ని, కూలి ఎంత, సందు మొదట పలక మీద వ్రాసిపెట్టాము. మందిరములో కానుకల లెక్క చదివినట్లే ప్రతి సాయంకాలము చదివాము. వారము తిరుగకముందే ఇవ్వనన్నవారిలో చాలమంది వచ్చి ఇచ్చారు. రెండిండ్లవారు ఇవ్వనే లేదు. వారును ఆ దారినే నడుస్తున్నారు, నడవనీయండి.

టోలుకైనను, పన్నుకైనను లెక్క అడుగుట మన హక్కు, అడుగుదము. అయితే అడిగే ముందు చీటీలో మన పేరున్నదో లేదో చూచుకొందము.