తోకచుక్క వెంట

బెంగళూరులోని తెలుగు పిల్లల చెవికి భాషల కొరత లేదు. ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడము, పొరుగింట అరవమో ఉర్దువో, అంగళ్ల పలకలపై ఆంగ్లము. కొరత యంతయు కంటికే. పాఠ్యపుస్తకము మూసిన పిమ్మట వారికి తెలుగు అక్షరము కనబడు చోట్లు మిక్కిలి తక్కువ. పది మొదలు పదునాలుగేండ్ల వరకు గల వారి యవస్థ మరింత చిత్రము. కాకి, నక్క కథలు వారికి చప్పగా నుండును. పెద్దల నవలలు వారి కందవు. ఈ నడిమి వయసునకు తగిన నవల యేదియని మేము చాలకాలము వెదకితిమి.

తుదకు అది అవెన్యూ రోడ్డులో, పాతపుస్తకముల యంగడిలో దొరకినది. బైండు చేసిన పాత 'చందమామ' సంచికల నడుమ 'తోకచుక్క' యను ధారావాహిక కనబడినది. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు సైనికులతో ఓడలెక్కి బయలుదేరుట, మాంత్రికులకును క్రూరమృగములకును నిలయమైన తావున చిక్కుకొనుట, ఏకాక్షి, చతుర్నేత్రుడను మంత్రగాండ్ర వైరము నడుమ నలుగుట అందలి కథ. నిలుచున్నచోటనే రెండు భాగములు చదివి, బేరమాడుట కూడ మరచి కొంటిమి.

ఈ కథ 1954లో ఆరంభమైనది. వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు (1932-2010). చక్రపాణి, నాగిరెడ్డిగార్లు 1947 జూలైలో మద్రాసున ప్రారంభించిన 'చందమామ'లో వీరు 1952లో చేరి, అర్ధశతాబ్దికి పైగా పనిచేసిరి. 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' మున్నగునవి వీరివే. ఆ దినములలో ధారావాహికకు రచయిత పేరు వేసెడివారు కారు. అందువలన కథ నెరిగిన పిల్లలు వేనవేలు; కథకుని నెరిగినవారు కొందరే.

మా తరగతిలో శనివారము కడపటి పీరియడున వారమున కొక భాగము చదువ నారంభించితిమి. ప్రతి భాగమును ఏదో యొక గండము వద్ద ఆగును. సుబ్రహ్మణ్యంగారి నేర్పంతయు అచ్చటనే యున్నది. మూడవ వారమున, తెలుగు చదువుట కెప్పుడును వెనుకాడు విద్యార్థి యొకడు సంపుటము ఇంటికిమ్మని అడిగెను. సోమవారము తిరిగి తెచ్చునప్పటికి నాలుగు భాగములు ముందునకు పోయెను. కూడబలుకుకొనుచునే చదివెనట! వాని నెవ్వరును బలవంతపెట్టలేదు. సమరసేనుడు బ్రతికెనా లేదా యని తెలిసికొనుటకు వేరు దారి లేకపోయెను; అంతియే.

ఇంకొక వింత జరిగినది. ఒక బాలిక పొరుగింటి కన్నడపు అవ్వకు ఈ కథ చెప్పబోగా, ఆమె నవ్వి మిగిలిన కథ తానే చెప్పెనట. కన్నడ 'చందమామ'యు వెలువడెడిది. ఇందలి కథలే అందును, ఈ చిత్రాగారి బొమ్మలే అందును. ఒకే మాంత్రికుడు ఇరుభాషల పిల్లలను భయపెట్టెనన్నమాట! మన లిపియు కన్నడ లిపియు ఒకతల్లి బిడ్డలు; తలకట్టు మొదలగు కొన్ని భేదములు తెలిసినచో ఒకటి వచ్చినవారికి రెండవది కొద్దిదినముల పని. తెలుగు చదివినచో కన్నడము వెనుకబడునని శంకించు తల్లిదండ్రులు ఈ మాట గమనింప ప్రార్థన.

ఈ కథలలో లోపము లేదని మేమనము. "సైనికులందరు మగవారేనా? ఆడపిల్లలు ఎచటికి పోయిరి?" అని మా బాలికలు నిలదీసిరి. న్యాయమైన ప్రశ్నయే. స్త్రీపాత్రలు ఇందు అరుదు. మీరే వ్రాయుడంటిమి. నలుగురు కూడి, ఓడ నడుపు బాలికతో ఒక భాగము వ్రాసిరి. అందు అచ్చుతప్పుల కన్న ధైర్యమే యెక్కువ. పాఠ్యపుస్తకమున కెన్నడును ఎదురుప్రశ్న వేయనివారు ఈ నవలను ప్రశ్నించిరనిన, దానిని తమదిగా భావించిరనుటయే కదా.

'చందమామ' నేడు వెలువడుట లేదు. అయినను సుబ్రహ్మణ్యంగారి కథలు పుస్తకములుగా వచ్చినవి. పాత సంచికలు అంతర్జాలమున చదువవచ్చును. తల్లిదండ్రులారా, భోజనానంతరము పది నిమిషములు చాలును. మీరొక పుట చదువుడు, బిడ్డ యొక పుట చదువును. మీకు తెలుగు చదువుట రానిచో బిడ్డ చేతనే చదివించుకొని వినుడు; వినువారున్నచో చదువువారికి హుషారు కలుగును. వచ్చు శనివారము మేము 'మకరదేవత' ఆరంభింపనున్నాము. వెనుక బెంచీలు ఖాళీగనే యున్నవి. తీరికగల పెద్దలు వచ్చి కూర్చుండవచ్చును.