పురుడు పోయడానికి జపాను వెళ్లాం

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు గాని చట్టం కంటె గట్టిది. అందుకే మా అమ్మాయి జపాను నుండి ఫోను చేసి, “అమ్మా, బి.పి. ఎక్కువగా ఉంది, డాక్టరుగారు విమానం ఎక్కవద్దన్నారు” అని చెప్పినప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అల్లుడు అక్కడ కితాక్యూషూ అనే ఊళ్లో ఇంజనీరు. పెళ్లయిన మూడో నెలకే పిల్లను అంత దూరం తీసుకుపోయాడని నాకు లోపల కొంచెం కినుక కూడా ఉండేది.

“అది రాలేకపోతే మనమే పోదాం” అన్నారు మావారు, అనకాపల్లి వెళ్లినంత తేలికగా.

ఆయనకు ఆ దేశం మీద మొదటినుండీ కుతూహలమే. మల్కాపురంలో ఉంటూ విశాఖ పోర్టులో ఇనుప ఖనిజం ఓడలకెత్తే చోట ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేశారు. బైలదిల్లా కొండల్లో తవ్విన ఎర్ర రాయి కె.కె. లైను మీద, అరకు సొరంగాల గుండా మన ఊరు చేరుతుంది. ఆ రాయి కొంటామని జపాను ఉక్కు కంపెనీలు 1960లో మన దేశంతో ఒప్పందం చేసుకోబట్టే ఆ రైలు మార్గం పడింది. పెద్ద ఓడలు నిలవడానికి 1976లో ఔటర్ హార్బరు తెరిచారు. అంటే మా ఇంట్లో అన్నం ఉడికింది కొంతవరకు జపాను వాళ్ల కొలిమి వేడి మీదనే. ఓడ వెళ్లిపోయాక ఆ రాయి ఏమైందో చూడాలని ఆయన కోరిక.

మా అత్తగారు బతికి ఉంటే మాత్రం వెళ్లనిచ్చేవారు కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఆవిడ కొత్త కోడలు. మూట నెత్తిన పెట్టుకుని ఊరు విడిచి నడిచిన సంగతి చెబుతూంటే, ఎనభై ఏళ్ల వయసులోనూ ఆవిడ గొంతు వణికేది.

బంధువులను చూడబోయేవారికి వీసా తొంభై రోజులు. సింగపూరు మీదుగా ఫుకువోకాలో దిగాం. నా పెట్టెలో వాము, శొంఠి, బాలింత కాయం, మూడు పొరలు చుట్టిన ఎండు నెత్తళ్లు. మా అమ్మాయికి నెత్తళ్ల పులుసంటే ప్రాణం. తీరా అక్కడి కూరగాయల కొట్టుకు వెళితే సంచులకు సంచులు ఎండు నెత్తళ్లే! వాళ్లు వాటిని నీళ్లలో మరిగించి చారు కాచుకుంటారు. “నాకు ముందే ఎందుకు చెప్పలేదే?” అంటే, “నువ్వు తెచ్చినవి తినాలని” అంది.

పక్కింటావిడ సుమారు నా ఈడుది. భాష రాదు, అయినా రోజూ పలకరించేది. మా అమ్మాయి నడుమ నిలబడి చెప్పగా తెలిసింది: వాళ్లలోనూ కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం ఉంది, దానికి ప్రత్యేకంగా ఒక పేరు కూడా ఉంది. “నా కూతురు మొన్ననే వచ్చి వెళ్లింది. మీరు అమ్మాయి కోసం సముద్రం దాటి వచ్చారా!” అని ఆవిడ నా చేతులు పట్టుకుంది. నా బెంగ ఈ ఊళ్లో ఎవరికీ అర్థం కాదనుకున్న నేనే సిగ్గుపడ్డాను.

కాన్పు సుఖంగా జరిగింది. మగపిల్లవాడు. అక్కడ కడుపుతో ఉన్నామని చెప్పగానే నగర కార్యాలయంవారు తల్లీబిడ్డల పుస్తకం ఒకటి ఇస్తారు. పరీక్షలు, బిడ్డ బరువు, టీకాలు అన్నీ అందులోనే రాస్తారు. గర్భిణులకు అలాంటి పుస్తకం ఇవ్వడం 1942లో మొదలుపెట్టి, 1948 నుండి తల్లికీ బిడ్డకూ కలిపి ఒకటే చేశారట. ఆ మొదటి సంవత్సరం వినగానే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. మన మీద బాంబులు వేసిన ఏడాదే తమ గర్భిణుల కోసం పుస్తకం అచ్చువేశారు!

పిల్లవాడికి నెల దాటాక అల్లుడు మమ్మల్ని యవాతా తీసుకెళ్లాడు. 1901లో మొదలైన ఉక్కు కర్మాగారం అక్కడిది. పాత బ్లాస్ట్ ఫర్నెస్ ఒకదాన్ని కూల్చకుండా పార్కులో నిలబెట్టి, పైన ఆ సంవత్సరం అంకెలు పెట్టారు. యవాతా కంపెనీ 1970లో ఫూజీ కంపెనీతో కలిసి నిప్పన్ స్టీల్ అయింది. మన ఖనిజం కొన్నవారిలో అదీ ఉంది. మావారు ఆ కొలిమి చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఏమీ మాట్లాడలేదు. పార్కు బల్ల మీద కూర్చుని చాలాసేపు తలెత్తి దానికేసే చూశారు.

పక్కనున్న దోకాయ్ అఖాతం ఒకప్పుడు ఫ్యాక్టరీల మురికితో చచ్చిన సముద్రం అనిపించుకుంది. పొగ, బూడిద ఆరేసిన బట్టల మీద పడుతుంటే తొబాతా ఆడవాళ్లే పూనుకుని, ధూళి ఎంత పడుతోందో కొలిచి, నీలాకాశం కావాలంటూ 1965లో ఒక సినిమా తీశారు. వాళ్ల భర్తల జీతాలు ఆ ఫ్యాక్టరీలవే! ఆ తరువాత పొగకు కట్టుదిట్టాలు జరిగాయి, అఖాతంలో బురద తవ్వారు, మళ్లీ చేపలు వచ్చాయి. ఫ్యాక్టరీల నీడన బట్టలారేసుకునే మన గాజువాక, మల్కాపురం ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

ఇదే ఊళ్లో కొకురా అనే భాగం ఉంది. 1945 ఆగస్టు 9న అణుబాంబు తెచ్చిన విమానం ముందు అక్కడికే వచ్చిందట. ఆకాశం మసకగా ఉండి గురి దొరకక నాగసాకి వెళ్లింది. ఆ మాట విన్న రాత్రి నేను మనవణ్ణి పక్కలో వేసుకునే పడుకున్నాను. మా అత్తగారి భయం, ఆ తల్లుల భయం నాకు వేరువేరుగా తోచలేదు.

ఆ దేశంలో క్రైస్తవులు నూటికి ఒక్కరు. ఆదివారం వెళ్లిన చిన్న గుడిలో పాతికమందిమి ఉన్నాం. మాట ఒక్కటీ అర్థం కాలేదు గాని రెండో పాట రాగం మా సంఘంలో పాడేదే. మావారు తెలుగులో గొంతెత్తారు, ఎవరూ వింతగా చూడలేదు.

వచ్చేముందు ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను: “విశాఖలో ఉద్యోగాలు లేవా? ఎప్పుడొస్తారు?” అమ్మాయి బిడ్డ బట్టలు మడత పెడుతూనే, “ఇంకో అయిదారేళ్లు ఇక్కడే ఉంటామమ్మా” అంది. తల ఎత్తలేదు. నేను వంటింట్లోకి వెళ్లి పులుసు దింపాను. రాత్రి ఆ తల్లీబిడ్డల పుస్తకం తెచ్చి, “నాన్నా, వీడి పేరు ఇక్కడ తెలుగులో రాయండి” అని తండ్రి చేతికి కలం ఇచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఖాళీ పేజీలో గుండ్రటి అక్షరాలతో రాశారు. ఒత్తు ఒకటి వంకర పోయిందని ఇప్పటికీ బాధపడతారు.

ప్రతి ఆదివారం సాయంత్రం ఫోనులో వాణ్ణి చూస్తాం. వాళ్ల గడియారం మనకంటె మూడున్నర గంటలు ముందు. గుడినుండి వచ్చి టీ తాగే వేళకు వాడు నిద్రకు జోగుతూ ఉంటాడు.