స్కాన్‌లో మాయమయ్యే గడ్డ

మెదడులో పుట్టే లింఫోమా అరుదైన క్యాన్సర్. తలనొప్పి, మతిమరపు, ప్రవర్తనలో మార్పు, ఒక పక్క బలహీనత దాని తొలి సూచనలు కావచ్చు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో తీయించిన సీటీ స్కాన్‌లో మచ్చ కనబడితే, గడోలినియం మందు ఎక్కించి ఎమ్మారై తీయవలసి ఉంటుంది.

రోగనిరోధక శక్తి బాగున్నవారిలో ఈ గడ్డ సాధారణంగా నిండుగా, ఒకే తీరున వెలుగుతుంది. క్షయ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు తరచు ఉంగరంలా కనిపిస్తాయి. అయితే హెచ్ఐవీ ఉన్నవారిలో లింఫోమా కూడా ఉంగరంలాగే కనిపించవచ్చు. కనుక స్కాన్ కలిగించేది అనుమానమే. నిర్ధారించేది ముక్క పరీక్ష.

చిక్కు ఇక్కడే ఉంది. మెదడు వాపు తగ్గడానికిచ్చే స్టెరాయిడ్ లింఫోమా కణాలను కూడా చంపుతుంది. కొద్ది రోజులలోనే తలనొప్పి తగ్గి, గడ్డ స్కాన్‌లో కనబడకుండా పోవచ్చు. అది నయం కావడం కాదు. వేసవిలో నీరు తీసిన కొల్లేరు బుడమేరు, తమ్మిలేరు పొంగగానే నిండినట్లు, జబ్బు తిరిగి వస్తుంది. ఈలోగా ముక్క తీసినా అందులో ఏమీ తేలకపోవచ్చు.

కొల్లేటి లంకల నుండి మందుల చీటీ లేకుండా వచ్చిన రోగులను ఎందరినో చూశాను. దయచేసి మొదటి స్కాన్ ఫిల్ములను, చీటీలను భద్రపరచండి. ప్రాణాపాయం లేనప్పుడు, స్టెరాయిడ్‌కు ముందే ముక్క పరీక్ష అవసరమా అని వైద్యుని అడగండి. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా మాత్రం ఆపకండి.

ఈ జబ్బు చికిత్సకు మూలాధారం అధిక మోతాదు మెథోట్రెక్సేట్. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మందు అది. అది సకాలంలో అందాలంటే ముందు జబ్బు పేరు తేలాలి.