బంగారు సూదుల కొండ

‘అయ్యో... ఇవన్నీ ఎండిపోయాయేంట్రా?’

కొండ మలుపు తిరగ్గానే నాన్న నోటివెంట వచ్చిన మొదటిమాట ఇది. తప్పులేదు. మాది బందరు పక్క. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు చూస్తూ పెరిగినవాళ్లం. సరుగుడు తోట పసుపెక్కిందంటే ఏదో తెగులు పట్టినట్టే. ఇక్కడేమో ఎదురుగా కొండవాలు మొత్తానికీ ఎవరో పసుపు రాసినట్టుంది!

‘ఎండిపోలేదు మావయ్యా. ఏటా ఇంతే’ అన్నాడు బావ.

అక్కా బావా ఉండేది అమెరికాలోని సియాటెల్ శివార్లలో. మైక్రోసాఫ్ట్, అమెజాన్‌ల పుణ్యమా అని అక్కడ మనవాళ్లకి కొదవలేదు. సెప్టెంబరు ఆఖరు వచ్చిందంటే చాలు, ఆ ఊళ్లో కొండలెక్కే అలవాటున్న వాళ్లందరి నోటా ఒకటే మాట... లార్చ్ చెట్లు రంగు తిరిగాయా లేదా అని! ఈ యాత్రకి ‘లార్చ్ మార్చ్’ అని ముద్దుపేరు కూడా ఉంది. ఆ బంగారు రంగు నిలిచేది మహా అయితే రెండు మూడు వారాలు. నాన్న తిరుగు టికెట్టు ఆ వచ్చే బుధవారానికే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, కుడి మోకాలు రెండేళ్లుగా సతాయిస్తోంది. నేను వద్దనే అన్నాను. ‘పక్షులుంటాయన్నారుగా’ అన్నారాయన. రిటైరయ్యాక కైకలూరు దగ్గర ఆటపాకకి గూడబాతుల్ని చూడ్డానికి బస్సెక్కి వెళ్లే మనిషికి ఇంక ఎవరు అడ్డుచెబుతారు?

బావ శుక్రవారం సెలవు పెట్టాడు. శనాదివారాలైతే కారు పెట్టుకోవడానికి చోటు దొరకదట. తెల్లవారుజామున అయిదింటికి పులిహోర డబ్బాలు సర్దుకుని బయల్దేరాం. ఇరవయ్యో నంబరు హైవే మీద సుమారు మూడు గంటల ప్రయాణం. దారిలో డయాబ్లో సరస్సు దగ్గర ఆగక తప్పదు. హిమానీనదాలు నూరి పంపిన రాతిపిండి నీళ్లలో తేలుతూ ఉండటంవల్ల అది అచ్చం నెమలికంఠం రంగులో మెరుస్తుంటుంది. అక్కడినుంచి రెయినీ పాస్. మేపుల్ పాస్ కాలిబాట మొదలయ్యేది ఇక్కడే. చుట్టూ తిరిగి మళ్లీ మొదటికొచ్చే ఈ బాట పొడవు సుమారు పదకొండున్నర కిలోమీటర్లు. ఎక్కాల్సింది రెండు వేల అడుగులు.

మొదటి గంటా చిక్కటి అడవి. తర్వాత ఆన్ సరస్సుకి పైన రాళ్లగుట్టలు. ఆ రాళ్ల సందుల్లోంచి బొమ్మ నొక్కినట్టు ‘ఈక్’మని ఓ అరుపు. పైకా అట. చూడ్డానికి ఎలుకలా ఉన్నా కుందేలుకి చుట్టం. చలికాలం కోసం గడ్డికోసి ఎండబెట్టి దాచుకుంటోంది... మన రైతులు వాములు వేసినట్టు!

సూదులు రాల్చే చెట్టు

దేవదారు, పైన్ లాంటి సూదిమొన ఆకుల చెట్లు ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. లార్చ్ ఆ పాఠానికి మినహాయింపు. చలికాలంలో పైన నేల గడ్డకట్టి వేళ్లకి నీరందదు. పైగా ఎముకలు కొరికే గాలి. ఆకులుంటే వాటిద్వారా ఉన్న తేమ కూడా పోతుంది. అందుకే ఆకుల్లోని పోషకాలు చాలావరకు వెనక్కి లాగేసుకుని, పచ్చదనం పోయి పసుపు మిగిలాక, సూదులన్నీ రాల్చేసి మోడులా నిలబడుతుంది. మిగతా చెట్లు బతకలేనంత ఎత్తులో ఇది బతికేది ఈ ఏర్పాటు వల్లే. పెరగడం మాత్రం మహా నిదానం. మనిషెత్తు చెట్టుకి కూడా మన తాతల వయసుండొచ్చు. వెయ్యేళ్లు దాటినవీ ఉన్నాయి. దీని చుట్టాలు మన సిక్కిం, అరుణాచల్‌లలోనూ ఉన్నాయి.

నాన్న ఓ కొమ్మ పట్టుకుని చూశారు. ‘గుచ్చుకోవట్లేదురా. మెత్తగా ఉంది’ అన్నారు.

హెదర్ పాస్ చేరేసరికి పదకొండయింది. ఆరువేల అడుగుల పైమాటే. కింద నల్లటి సరస్సు, ఎర్రబారిన హకుల్‌బెర్రీ పొదలు, వాటిమధ్య పసుపు దీపాల్లా లార్చ్‌లు. కానీ నాన్న మోకాలు అప్పటికే వాచింది. ముందుకెళితే ఇంకా ఎక్కాలి. అవతలివైపు దిగుడు మరీ నిటారు. ‘మీరు వెళ్లిరండి, నేనిక్కడే కూర్చుంటా’ అన్నారాయన. ఇంత దూరమొచ్చి పూర్తిచెయ్యకుండా పోవడమా అని నాకు లోపల పీకుతోంది, అబద్ధమెందుకు! అక్క మాత్రం ఏమీ అనకుండా బండమీద తువ్వాలు పరిచి డబ్బాలు తీసింది. అంతే, నిర్ణయం అయిపోయింది.

నాలుక కింద సంచి!

మూత తీశామో లేదో, బూడిదరంగు పిట్ట ఒకటి బావ భుజం పక్కగా దూసుకొచ్చి పులిహోరలోంచి వేరుశనగపప్పు ఎత్తుకుపోయింది. కెనడా జే. తిండి దొంగిలించడంలో ఆరితేరిందట. దొరికినదాన్ని ఉమ్మితో చెట్లకి అంటించి దాచుకుంటుంది. వీటికి మనం తిండి పెట్టకూడదు. ఇది మాత్రం మమ్మల్ని అడగలేదు.

కూర్చున్న అరగంటకి అసలు అతిథి వచ్చింది. మోడు చివర లేత బూడిదరంగు ఒళ్లు, నల్లటి రెక్కలు, పొడుగాటి ముక్కు. గొంతు మాత్రం గరగర. ‘కాకి గొంతురా ఇది!’ అన్నారు నాన్న. నిజమే, కాకి జాతే. పేరు క్లార్క్స్ నట్‌క్రాకర్. 1805లో ఈ ప్రాంతాలు అన్వేషిస్తూ వచ్చిన విలియం క్లార్క్ పేరు పెట్టారు. నాలుక కింద ఉన్న సంచిలో పైన్ గింజలు నింపుకెళ్లి మట్టిలో దాస్తుంది. ఏడాదికి వేలకువేలు! ఎక్కడ దాచిందో నెలల తర్వాత కూడా గుర్తుంటుంది. తినగా మిగిలినవి మొలకెత్తుతాయి. వైట్‌బార్క్ పైన్ అనే చెట్టు కాయ తనంతట తాను విచ్చుకోదు కాబట్టి దాని సంతానమంతా ఈ పక్షి ముక్కుమీదే ఆధారపడింది. బయటి ఖండం నుంచి వచ్చిన తుప్పు తెగులుతో ఆ చెట్లు లక్షల్లో చచ్చిపోయాయి. 2022లో అమెరికా ప్రభుత్వం వాటిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. బావ ఈ సంగతి చెబుతుంటే నాన్న బైనాక్యులర్స్ దించలేదు.

మబ్బు కమ్మేసరికి వచ్చిన దారినే దిగడం మొదలెట్టాం. వెళ్లాలనుకునేవాళ్లకి ఒకమాట: సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనే వెళ్లాలి. అక్టోబరులోనే మంచు పడొచ్చు. చలికాలమంతా ఆ హైవే మూసేస్తారు. మార్బుల్‌మౌంట్ దాటితే పెట్రోలు బంకు చాలా దూరం. మోకాళ్లు సహకరించకపోతే హెదర్ పాస్ చాలు, లార్చ్‌లు అక్కడే బోలెడు.

దిగడానికి మూడు గంటలు పట్టింది. కార్లో నాన్న జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, మోకాలికి ఐస్ ముక్కలు పట్టుకునే రాసుకుంటున్నారు. నట్‌క్రాకర్... ఒకటి. జే... ఒకటి. కాసేపు పెన్ను ఆపి అడిగారు.

‘పప్పు పట్టుకెళ్లిందీ, తర్వాత అక్క చెప్పు మీద వాలిందీ ఒకటేనంటావా, రెండంటావా?’