నాలుగో సీటు

కోరుట్ల, జగిత్యాల చుట్టాలతో నా పేచీ ఒక్కటే. బొంబాయి చూడ్డానికి వచ్చి, సాయంత్రం ఆరింటికి దాదర్‌లో, అదీ రెండేసి బ్యాగులతో, విరార్ ఫాస్ట్ లోకల్ ఎక్కుతామంటారు. దిగాల్సిందేమో మధ్యలో, అంధేరీలో! సిరిసిల్ల వాళ్లను ఏమీ అనను. 2023లో సిద్దిపేట దాకా వచ్చిన రైలు వాళ్ల ఊరికింకా చేరలేదు. కోరుట్ల వాళ్లకేమైంది? పెద్దపల్లి–నిజామాబాద్ లైను వాళ్ల ఊరి మీదుగానే పోతుంది కదా!

1853లో బోరీబందర్ నుంచి ఠాణేకు నడిచిన మొదటి బండిలో పద్నాలుగు పెట్టెలకు నాలుగొందల మంది. ఇప్పుడు రద్దీ వేళ ఒక్క పెట్టెలోనే దాదాపు అంతమంది. అందుకే పొద్దున చర్చిగేట్ వైపు, సాయంత్రం విరార్ వైపు పోవద్దని మొత్తుకుంటాను. ఆదివారం మరమ్మతుల కోసం బండ్లు ఆపే మెగా బ్లాక్ ఉందేమో చూసుకోవాలి. బ్యాగు వీపున కాదు, ఛాతీ మీద వేసుకోవాలి. బండి అర నిమిషం కూడా ఆగదు కనుక రెండు స్టేషన్ల ముందే తలుపు వైపు జరిగి, ముందున్నాయన్ని "దాదర్ ఉతర్నా హై?" అని అడగాలి. అవునంటే ఆయన వెనకే నిలబడాలి, కాదంటే చోటు మార్చుకోవాలి.

ఇవన్నీ ఒకెత్తు, నాలుగో సీటు ఒకెత్తు. ముగ్గురి బెంచీ మీద నాలుగో మనిషి సగం ఒళ్లు దారిలో పెట్టి కూర్చుంటాడు. "థోడా సర్కో" అంటే చాలు, ముగ్గురూ మారుమాట లేకుండా జరుగుతారు. ఏ చట్టంలోనూ లేని ఈ హక్కును నేను ఓటు హక్కు పక్కన పెడతాను. మా బామ్మర్ది మాత్రం కాళ్లు బార్లా చాపి, "ముగ్గురి సీటే కదా బావా, నాలుగో మనిషెందుకు?" అన్నాడు. పెట్టె పెట్టంతా మమ్మల్నే చూసింది. ఆ మాట నేనింకా మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

మా బాపు భీవండిలో సాంచాలు (మరమగ్గాలు) నడిపినన్నాళ్లూ నాలుగో సీటు మీదే తిరిగిండు. సెలవు దొరికితే కళ్యాణ్‌లో లోకల్ ఎక్కి వర్లీ చాళ్లలో ఉండే మనోళ్ల దగ్గరికి పోయేవాడు. రాత్రంతా సాంచాల మోత విన్న చెవులకు లోకల్ చప్పుడు జోలపాటేనట, కూర్చోగానే నిద్ర పట్టేదట. భీవండి పద్మనగర్‌లో ఆయన ఉన్న గల్లీలో పొద్దున లేస్తే తెలుగే వినబడేది. బతుకమ్మ ఆటకు సిరిసిల్ల ఆడబిడ్డలూ, జగిత్యాల కోడళ్లూ ఒకేచోట చేరేవాళ్లు. చూడాలనుంటే బతుకమ్మ నాళ్లలో వెళ్లండి. భీవండి రోడ్డని స్టేషన్ ఉంది గానీ, ఆ దివా–వసయీ లైన్లో బండ్లు తక్కువ. కళ్యాణ్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి.