ప్యారిస్ వీథి బల్లలు - మన యరుగులు

ప్యారిస్ నగరమును జూచి వచ్చినవారు ఐఫెల్ గోపురమును గూర్చి వ్రాయుట వాడుక. నేను కాలిబాటను గూర్చి వ్రాయదలచితిని. 2023 వ సంవత్సరము జూను మాసములో మా యత్తగారితో గూడ నా నగరమునకు బోయితిని. ఆమె మోకాళ్ల నొప్పులచే చేతికఱ్ఱ లేనిదే నడువలేరు. కావున ఆ నగరమును మేము కాలిబాటమీదనుండియే చూచితిమి.

అచటి కాఫీశాలలలో జనులు లోపలికంటె వెలుపల గూర్చుండుటకే యిష్టపడుదురు. గుండ్రని చిన్న బల్లలును, అల్లిక కుర్చీలును కాలిబాటపై వరుసలు దీర్చియుండును. పెక్కు చోట్ల కుర్చీలన్నియు వీథివైపునకే మొగము పెట్టియుండుట మొదట నాకు వింతగా దోచెను. నాటకము చూడవచ్చినవారివలె జనులు గూర్చుండి, దారిన బోవువారిని జూచుచు, ఒక్క గిన్నెడు కాఫీతో గంటసేపు గడుపుదురు. తెచ్చి యిచ్చువాడు లెమ్మనడు. స్త్రీ యొకతె ఒంటరిగా గూర్చుండి పుస్తకము చదువుకొనుచున్నను ఎవ్వరును తేఱిపాఱ జూడరు. అది చూచి నాకు సంతోషముతోపాటు కొంచెము అసూయయు గలిగినది.

ఈ నగరమున కాఫీశాల లెంత పాతవో చెప్పుటకు, 1686 లో వెలసిన ప్రొకోప్ శాల యొక్కటి చాలును. అయినను బల్లలు బయటికి విరివిగా వచ్చుటకు వలసిన చోటు 19 వ శతాబ్దమునగాని దొరకలేదు. మూడవ నెపోలియను చక్రవర్తి కాలమున, 1853 మొదలు 1870 వఱకు అధికారము నడపిన ఓస్మాన్ అను నతడు పాత సందులను బడగొట్టించి, ఇరుప్రక్కల చెట్లు నాటించి, వెడల్పైన కాలిబాటలతో రాజవీథులు తీర్చెను. అట్టి వీథులలో బల్లలు వేసినను నడచువారికి చోటు మిగులును.

సేను నదికి ఎడమ గట్టున పాత సందులు కొన్ని నేటికిని సన్నముగానే యున్నవి. ఒకనాటి సాయంకాలము, తొమ్మిది గంటలైనను ఎండ చల్లాఱని వేళ, అట్టి సందు వెంట మేము బసకు మరలి వచ్చుచుంటిమి. ఒక భోజనశాలవారు గోడ మొదలుకొని కాలిబాట అంచువఱకు బల్లలు వేసియుండిరి. మా యత్తగారు నిలిచిపోయి, "అమ్మాయీ, వీరి విస్తళ్ల నడుమనుండి నడువవలెనా యేమి?" అనిరి. చేయునది లేక బాట దిగితిమి. అంతలో వెనుకనుండి సైకిలు గంట మ్రోగినది. ఆమె యులికిపడగా కఱ్ఱ జాఱినది. నేను భుజము పట్టుకొనకున్న క్రింద బడియుందురు. భోజనము చేయుచున్న యువకు డొకడు చూచి, గబాలున లేచి, తన కుర్చీనే తెచ్చి యామెను గూర్చుండబెట్టెను.

వారిలో నొక్కరికైనను మాపై ద్వేషము లేదు. ఒక్కొక్కరు సుఖము కొఱకు కుర్చీని జానెడు వెనుకకు జరుపుకొనిరి. నడచువారికి మిగిలిన దారి ఆ జానెడే యని వారికి దోచలేదు.

నిబంధనలు లేకపోలేదు. అంగడివారు బల్లలకు అనుమతి పొంది నగరమునకు రుసుము చెల్లింపవలెను. సామాన్యముగా నడువదగిన వెడల్పులో మూడవ వంతునకు మించి యాక్రమింపరాదు. నడక దారికి సామాన్యముగా 1.40 మీటర్లు, అనగా సుమారు నాలుగున్నర అడుగులు, అడ్డు లేక యుండవలెనని 2007 లో ఫ్రెంచి ప్రభుత్వ ముత్తరువు చేసినది. 2020 లో కోవిడు వ్యాధిచే భోజనశాలలు మూతపడి, జూను 2 న మరల తెఱచినపుడు ప్యారిస్‌లో వెలుపలి బల్లలకే యనుమతి దొరకినది. బండ్లు నిలుపు తావులలో సైతము బల్లలు వేయనిచ్చిరి. దానివలన ఎందఱి జీవనములో నిలిచినవి. 2021 లో, ఏప్రిలు 1 మొదలు అక్టోబరు 31 వఱకు, రాత్రి పది గంటలు దాటకుండ నుండునట్లు ఆ యేర్పాటును ఏటేటి నియమముగా జేసిరి. పైయంతస్తులలో పసిపిల్లలను నిద్రపుచ్చు తల్లులు సందడికి విసిగి మొఱ్ఱపెట్టిరి. ఇరువురి మాటయు న్యాయమే.

ఇది వట్టి విలాసమని తీసివేయరాదు. 2015 నవంబరు 13 న ఇట్టి బల్లలయొద్ద గూర్చున్నవారిని దుండగులు కాల్చి చంపగా, నగరవాసులు భయపడి యిండ్లలో దాగక, తిరిగి వచ్చి యా బల్లలయొద్దనే కూర్చుండిరి.

ఆ యువకుని కుర్చీలో సేద దీర్చుకొనుచు మా యత్తగా రన్న మాట నేను మఱవలేదు: "మా పుట్టినింట మా తాతగారు తమ స్థలములో అరుగు కట్టించిరి. బాటసారి కాసు ఇయ్యకయే దానిపై కూర్చుండెడివాడు. ఇచట బాటసారి స్థలములో అరుగు వేసి, బాటసారినే దిగి పొమ్మనుచున్నారు."

మఱునాడు సెంజెర్మేను రాజవీథిలో ఆమెయే కాఫీ త్రాగుద మనిరి. అచట బల్లల ముందు ఇద్దఱు పిల్లల బండ్లు ద్రోసుకొని ప్రక్కప్రక్కన పోవునంత చోటున్నది. ఆమె కూర్చుండి, మొదట తన కఱ్ఱను బల్ల క్రిందికి జరిపి, పిదప కుర్చీని ముందునకు లాగుకొనిరి.

సోదరీమణులారా! మన పట్టణములలోను ఫలాహారపు టంగళ్లు కాలిబాట నెక్కుచున్నవి. మనమును పిల్లలతో నచట దోసెలు తినుచున్నాము. కూర్చుండుటకు ముందు ఒక్కసారి వెనుదిరిగి, చేతికఱ్ఱతో వచ్చు పెద్దమ్మకు దారి యున్నదా యని చూతము. లేకున్న మన కుర్చీని మనమే జానెడు ముందునకు లాగుకొందము.