ఆకలి లేని వేళ అన్నం

ఆకలి రుచెరుగదు అన్నారు పెద్దలు. ఆకలి గలవాడికి ఉప్పురాయీ పచ్చిమిరపకాయా ఉంటే చాలు, సంగటి ముద్ద లోపలికి పోతుంది. అసలు ఆకలే వేయని మనిషి ఏం తినాలి, ఎంత తినాలి అన్న ప్రశ్నకు మాత్రం మన సామెతల్లో జవాబు దొరకదు. పెద్దలకు ఆ అవసరం రాలేదు. జ్వరమొస్తే నాలుగు రోజులు లంఖణం, ఆ తరువాత పథ్యం, అంతే. లేచి తిరుగుతూ, వంట చేసి పదిమందికి వడ్డిస్తూ, నెలల తరబడి ఆకలి లేకుండా ఉండే స్థితి ఒకటి వస్తుందని వారెన్నడూ అనుకొని ఉండరు. నేనిప్పుడు ఆ స్థితిలో ఉన్నాను. మన పత్రిక చదివేవారిలో నాలాంటివారు ఇంకొందరు ఉండవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది హోసూరు పక్కన పల్లె. తెలుగు బడిలో పంతులమ్మగా పని చేసి 2025లో రిటైరయ్యాను. పదమూడేళ్ళుగా చక్కెర జబ్బు ఉంది. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 91 కిలోలు. ఎత్తుకు తగిన బరువును లెక్కగట్టే బి.ఎం.ఐ. అనే కొలత మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువనీ, 25 దాటితే స్థూలకాయమనీ డాక్టర్లు చెబుతారు. నాది 38 దగ్గర ఉండేది. పొద్దున నడక, మెంతినీళ్ళు, రాత్రిపూట చపాతీలు, అన్నీ అయ్యాయి. నాలుగు కిలోలు తగ్గడం, ఐదు కిలోలు పెరగడం, ఇదే వరస. మోకాళ్ళు మేడమెట్లు ఎక్కనివ్వడం మానేశాయి. 2025 సెప్టెంబరులో మా డాక్టరుగారు వారానికొకసారి పొట్ట మీద చర్మం కింద వేసుకునే సూదిమందు రాసిచ్చారు.

ఈ మందుల పేర్లు మీరు వినే ఉంటారు. ఒకటి సెమాగ్లుటైడ్, ఇంకొకటి టిర్జెపటైడ్. నాకు రాసింది రెండోది. మనం తిన్నప్పుడు పేగుల్లో జి.ఎల్.పి.-1 అనే హార్మోను పుడుతుంది. ఇన్సులిన్ వదలమని క్లోమగ్రంథికీ, ఇక చాలునని మెదడుకూ అది కబురు పెడుతుంది. ఒంట్లో పుట్టే ఆ హార్మోను నిమిషాల్లో కరిగిపోతుంది. దానికి నకలుగా చేసిన మందు వారం రోజులు నిలుస్తుంది. కడుపులోని తిండి కిందికి దిగడం కూడా నిదానమవుతుంది. టిర్జెపటైడ్ ఇంకొక పేగు హార్మోను పని కూడా చేస్తుంది. బరువు కోసం సెమాగ్లుటైడ్ వేసుకున్నవారు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారని 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. మన దేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలోనూ, బరువు కోసమే ఉద్దేశించిన సెమాగ్లుటైడ్ సూది 2025 జూన్‌లోనూ అమ్మకానికి వచ్చాయి.

మొదటి నాలుగు వారాలు 2.5 మిల్లీగ్రాములు, ఆ తరువాత 5 మిల్లీగ్రాములు. రెండో వారంలోనే తేడా తెలిసింది. హోసూరు బస్టాండు దగ్గర సాయంత్రం పూట మిరపకాయ బజ్జీలు వేగుతుంటే ఆ వాసనకు నా కాళ్ళు వాటంతటవే ఆగేవి. ఆ రోజు ఆగలేదు. వాసన తెలిసింది, నోరు ఊరలేదు. మన భాషలో ఆకలి వేరు, ఆశ వేరు, నోరూరడం వేరు. ఈ మందు ముందు ఆశను తీసింది, తరువాత నోరూరడాన్ని తీసింది, చివరికి ఆకలినే తీసింది. పొద్దున తిన్న అర ఇడ్డెనతో మధ్యాహ్నం మూడు గంటల దాకా గడిచిపోయేది. ఆ మాట విన్నవారంతా అదృష్టవంతురాలివన్నారు.

నాకు మాత్రం మా వదిన గుర్తుకొచ్చి గుబులు పుట్టింది. ఆమె బెంగుళూరులో ఉంటుంది. నాకన్నా ముందే ఇలాంటి మందు మొదలుపెట్టింది. ఆకలి లేదు కదా అని పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు బిస్కత్తులు, రాత్రి ఇంత మజ్జిగన్నం. అయిదు నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది. చీరలన్నీ వదులయ్యాయని సంబరపడింది. అదే రోజుల్లో కింద కూర్చుంటే చెయ్యి పట్టుకొని ఎవరో ఒకరు లేపవలసి వచ్చేది. నీళ్ళ బిందె ఎత్తలేకపోయింది. తలదువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలు. డాక్టరమ్మ పరీక్ష చేసి, కొవ్వుతో పాటు కండ కూడా కరిగిందని చెప్పిందట.

బరువు ఏ విధంగా తగ్గినా అందులో కొంత కండ పోతుంది. ఈ మందుల మీద జరిగిన అధ్యయనాల్లో తగ్గిన బరువులో నాలుగో వంతు, కొన్నిట్లో అంతకన్న ఎక్కువే, కొవ్వు కానిదని తేలింది. వయసు మళ్ళినవారికి పోయిన కండ తిరిగి రావడం కష్టం. ఆకలి ఉన్న రోజుల్లో కడుపే కావలసింది అడిగి పెట్టించుకొనేది. ఇప్పుడు అడిగే నాథుడు లేడు. కాబట్టి తెలిసి తినాలి, లెక్కపెట్టి తినాలి. నా ఒంటికి రోజుకు 70 గ్రాముల మాంసకృత్తులు పోవాలని ఆసుపత్రిలోని డైటీషియను చెప్పింది. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క చెప్పింది. ఈ సంస్థ 1918లో మన తమిళనాడులోని కూనూరులోనే మొదలై 1958లో హైదరాబాదుకు తరలిపోయింది. బరువు తగ్గే కాలంలో కండ నిలవాలంటే ఆ లెక్కకన్న కొంచెం ఎక్కువే కావాలట. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పెంచకూడదు.

డైటీషియను ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆ పిల్ల చెప్పింది అరవంలో. కాగితంలో ఓట్సు, గ్రీకు పెరుగు, బాదం పాలు ఉన్నాయి. అవి మా సంతలో దొరకవు, దొరికినా మా పొయ్యి మీదికి రావు. "కొళ్ళు తినండమ్మా" అని ఆమె అన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. కొళ్ళంటే మన ఉలవలే. మా ఊరికి పది మైళ్ళ అవతల కన్నడంలో హురళి అంటారు. మహారాష్ట్రలో ఉండే మనవాళ్ళు అంగట్లో కుళీత్ అని అడగాలి, బరంపురంలో కొలథ అనాలి. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని పక్కన పెట్టుకొని, మన వంటింట్లో ఉన్నవాటితో తెలుగులో ఇంకొక కాగితం రాసుకొన్నాను.

అది ఇలా ఉంది. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, 12 గ్రాములు. పిడికెడు పెసలతో వేసిన ఒక పెసరట్టు, 7. దానికి చెనక్కాయల ఊరిబిండి, 5. మధ్యాహ్నం 50 గ్రాముల కందిపప్పుతో గట్టిపప్పు, 11. నారింజపండంత సంగటి ముద్ద, 3. సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు, 6. ఒక గ్లాసు పాలు, 6. రాత్రి మీల్‌మేకరు కూర, 14. ఒక గిన్నె పెరుగు, 6. మొత్తం 70. కోడికూర చేసిన రోజున మీల్‌మేకరు అక్కరలేదు. గ్రాములన్నీ అటూ ఇటూగా వేసిన లెక్కలే, బంగారం తూచినట్టు తూచనక్కరలేదు.

ఉలవల గురించి ఒక మాట. మన ఇళ్ళల్లో ఉలవలు ఉడికించి, ఆ కట్టుతో చారు కాచి మనం తిని, ఉడికిన గింజలను గొడ్లకు పెట్టడం ఉండేది. చారు రుచి చారుదే, కాదనను. అయితే మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గింజలోనే మిగిలిపోతుంది. నూరు గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా ఉంటాయి. ఇప్పుడు మా ఇంట్లో చారు కొంచెం, గుగ్గిళ్ళు ఎక్కువ. రాగుల మాట వేరు. మాంసకృత్తులు నూటికి ఏడు గ్రాములే, కాని సున్నం 340 మిల్లీగ్రాములకు తగ్గదు. తిండి తగ్గినప్పుడు ఎముకలకు అది చాలా అవసరం. అందుకని ముద్ద చిన్నదయింది కాని సంగటి మానలేదు.

తినే వరస కూడా మారింది. కడుపులో చోటు కొంచెమే గనుక మొదట పప్పో గుడ్డో, తరువాత కూర, చివరికి ముద్ద. ముందు ముద్ద తింటే పప్పుకు చోటుండదు. మందు మోతాదు పెరిగిన వారంలో కడుపులో తిప్పుతుంది. ఆ రోజుల్లో నూనె వంటకాలు అసలు పనికిరావు, అవి లోపలే నిలిచి పుల్లతేన్పులు వస్తాయి. అల్లం వేసిన పలచని మజ్జిగ, పెసరకట్టు బాగా ఒప్పాయి. మలబద్ధకానికి ఆకుకూర, జామపండు, దాహం వేయకపోయినా నీళ్ళు. దాహం కూడా తగ్గుతుందని నాకు ఇంతకు ముందు తెలియదు, అందుకని రెండు లీటర్ల సీసా ఎదురుగా పెట్టుకొంటాను. తిండి తగ్గేసరికి చక్కెర మాత్రలతో కళ్ళు తిరగవచ్చని డాక్టరుగారు ముందే ఒక మాత్ర సగం చేశారు. తినడంతో పాటు రోజుకు రెండుసార్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చొంటాను. కండను నిలబెట్టడానికి తిండి ఒక్కటే చాలదు.

ఇవన్నీ సులభంగానే కుదిరాయి. కుదరనిది మా అమ్మ. ఆమెకు 82 ఏళ్ళు. వానలు లేని ఏండ్లలో పెరిగిన మనిషి. పొద్దున అంబలి తాగితే మళ్ళీ రాత్రికే ముద్ద, అదీ మగవాళ్ళు తిన్నాక మిగిలితే. అలాంటి మనిషి ముందర నేను పావుముద్ద తిని చెయ్యి కడుక్కొంటుంటే ఎలా ఉంటుంది?

"ఏమ్మే, నా చేతి కూడు చేదైపోయిందా నీకి?" అని అడిగింది ఒకరోజు.

"లేదమా, ఆకిలి కాలేదు. మందు అట్లాంటిది," అన్నాను.

"ఆకిలి కాకుండా ఉండేదానికి దుడ్లిచ్చి సూదేసుకొంటావా? మేము ఆకిలి పోయేదానికి ఎంత పాటు పడితిమో నీకేం తెలుసు!"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆకలి తీరడానికి తిండి లేని ఇంట్లో పుట్టి, ఆకలి పుట్టకుండా నెలకు వేల రూపాయలు పెట్టే కాలానికి వచ్చాము. రెండూ ఒక్క ఇంట్లోనే, ఒక్క తల్లీబిడ్డల మధ్యనే జరిగాయి. ఆమె మాటలో కోపం కన్న భయమే ఎక్కువ. తినని మనిషి నిలవదని ఆమె కళ్ళారా చూసింది. వదిన సంగతి తెలిసిన నాకు ఆ భయం తప్పని తోచలేదు.

అందుకని మందు ఎందుకో చెప్పడం మానేసి, కాగితం ఆమె చేతికిచ్చాను. అమ్మకు చదువు రాదు. చదివి వినిపించాను. ఉలవలు, పెసలు, కందులు, చెనక్కాయలు, గుడ్లు, పెరుగు. ఆమెకు తెలియని పేరు మీల్‌మేకరు ఒక్కటే. "ఇవన్నీ తింటే నీకు సత్తువుంటుందా?" అంది. ఉంటుందన్నాను. మరునాటి నుంచి లెక్క ఆమెదే. గుగ్గిళ్ళు తినలేదని సాయంత్రం అయిదు గంటలకు గిన్నె తెచ్చి ముందర పెడుతుంది. ఇంకొక ముద్ద వేసుకొమ్మని బలవంతం చేయడం మానింది, పప్పు ముందు తినమని గదమడం మొదలుపెట్టింది. మన ఇళ్ళల్లో కొసరి వడ్డించడమే ప్రేమ. ఆ ప్రేమను వద్దనలేము. కొసరేది ఏదో మనమే చెబితే సరిపోతుంది.

పెళ్ళిళ్ళలో మాత్రం ఇంకా ఇబ్బందిగానే ఉంది. బంతిలో కూర్చొని ఆకులో వదిలేస్తే పిలిచినవారికి చిన్నతనం. వడ్డన మొదలవకముందే చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కొక్కటీ చెంచాడు చాలంటాను. లడ్డు మనవరాలికి పోతుంది.

ఈ మందు అందరికీ కాదు. థైరాయిడ్ గ్రంథిలో వచ్చే ఒక రకం కాన్సరు ఇంట్లో ఎవరికైనా ఉన్నా, క్లోమగ్రంథి వాపు ఇదివరకు వచ్చినా డాక్టర్లు దీనిని వద్దంటారు. చక్కెర జబ్బువాళ్ళు కళ్ళు కూడా చూపించుకోవాలి. మెడికల్ షాపులో పేరు చెప్పి తెచ్చుకొనే వస్తువు కాదిది. ఇంకొక సంగతి. సెమాగ్లుటైడ్ ఆపినవారికి ఏడాదిలోపు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని 2022లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. అంటే ఆకలి తిరిగి వస్తుంది. నేను ఎన్నాళ్ళు ఈ ఖర్చు భరించగలనో చెప్పలేను. ఆకలి తిరిగి వచ్చేనాటికి పప్పు ముందు, ముద్ద తరువాత అన్న అలవాటు చేతికి పట్టి ఉండాలని నా తాపత్రయం.

ఆరు నెలలకు 91 కిలోలు 82 అయ్యాయి. వదినలాగా తొందరగా తగ్గలేదు. కాని నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, ఎవరి చెయ్యీ పట్టకుండా లేస్తున్నాను. ఆసుపత్రి తూకం కన్న నాకు ఆ లేవడమే గట్టి లెక్క. పుష్యమాసంలో అనపకాయలు సంతకొచ్చాయి. అమ్మా నేనూ నేల మీద కూర్చొని గింజలు నానబెట్టి, పొట్టు పితికి, పితికిపప్పు చేసుకొన్నాము. ఆ రోజు నాకు ఆకలి లేదు. అయినా వేడి కూర, కొంచెం సంగటి తిన్నాను. నోరూరకపోయినా రుచి తెలిసింది. అనపగింజల్లోనూ మాంసకృత్తులు బాగానే ఉంటాయని చెబితే, "ఆ మాట మాకెప్పుడో తెలుసులే మే" అంది అమ్మ.

మీ మీ ఊళ్ళల్లో, మీ ఇళ్ళల్లో ఇలాంటి బలమైన, చవకైన వంటలు ఇంకా ఎన్నో ఉంటాయి. వాటి పేర్లు, చేసే తీరు మన పత్రికకు రాయండి. నా కాగితంలో ఇంకా చోటుంది.